అడ్డగాలిలో క్యాటలినా 22ను ట్రైలర్ ఎక్కించడం: రే హబ్బర్డ్ లేక్‌లో ఒక కేస్

అక్టోబర్ చివరి శనివారం మధ్యాహ్నం మూడున్నరకు మొదలుపెట్టిన పని ఆరున్నర దాకా పట్టింది. గాలి లేని రోజైతే ఇదే పడవకు, ఇదే మనుషులకు అది అరగంట పని. మూడుసార్లు ప్రయత్నించాం. రెండోసారి కీల్ (పడవ అడుగున ఉండే బరువైన పలక) పాడయ్యే దాకా వచ్చింది. ఆ సమయంలో ట్రైలర్ దగ్గర నిలబడి నిర్ణయాలు తీసుకున్నది నేనే కాబట్టి, ఏది ఎందుకు తప్పిందో, ఏది ఎందుకు కుదిరిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. డాలస్ చుట్టుపక్కల నాకు తెలిసిన మూడు తెలుగు కుటుంబాలు ఈ రెండేళ్ళలో పాత సెయిల్ బోట్లు కొనుక్కున్నాయి. ముగ్గురూ నన్ను అడిగిన మొదటి ప్రశ్న తెరచాప గురించి కాదు, ర్యాంప్ గురించి, అంటే పడవను ట్రైలర్ మీద నీళ్ళలోకి దింపి బయటికి తీసే వాలు గురించి.

పన్నెండేళ్ళుగా ఈ లేకుల్లో పడవ నడుపుతున్నాను. అంతకుముందు హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్‌లో జూలై గాలులకు చిన్న డింగీల మీద నేర్చుకున్నాను. అక్కడ లేజర్ లాంటి పడవ హల్ (అంటే కేవలం పడవ దేహం) బరువు 59 కిలోలే. చేతి ట్రాలీ మీద పెట్టి, ముక్కు గాలికి ఎదురు తిప్పి ఇద్దరు పట్టుకుంటే ఒడ్డుకు వచ్చేస్తుంది. ఆ అలవాటుతో పెద్ద పడవ దగ్గరకు వస్తే చేతులు సరిపోవు. ఈ తేడా ఒంటికి పట్టడానికి నాకే చాలా కాలం పట్టింది.

పడవ, ట్రైలర్

పడవ మా తమ్ముడి లాంటి మిత్రుడిది. కొని అప్పటికి మూడు నెలలైంది. క్యాటలినా 22 అనే సెయిల్ బోట్ ఫ్రాంక్ బట్లర్ డిజైన్. 1969లో మొదలై పదిహేను వేలకు పైగా తయారయ్యాయి, అందుకే అమెరికాలో చాలా లేకుల దగ్గర ఒకటైనా కనిపిస్తుంది. పొడవు 21 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 7 అడుగుల 8 అంగుళాలు. మావాడిది స్వింగ్ కీల్ రకం. పడవ అడుగున 550 పౌండ్ల పోత ఇనుప పలక ఒకటి పిన్ను మీద వేలాడుతుంది. క్యాబిన్ మెట్టు కింద ఉన్న చిన్న వించ్ (చేత్తో తిప్పే లాగుడు చక్రం) తిప్పితే కేబుల్ దాన్ని పైకి లాగుతుంది. కీల్ దించితే 5 అడుగుల నీళ్ళు కావాలి, ఎత్తితే 2 అడుగులు చాలు.

కీల్ కిందికి ఉన్నంతసేపు అది నీళ్ళలో నిలువు గోడలా అడ్డుపడి పడవను పక్కకు జారనివ్వదు. పైకి ఎత్తారంటే ఆ పట్టు పోతుంది. గాలి ఎటు తోస్తే పడవ అటు జారుతుంది. ట్రైలర్ ఎక్కాలంటే కీల్ ఎత్తక తప్పదు. అంటే పడవ మన మాట తక్కువ వినే స్థితిలో ఉన్నప్పుడే దాన్ని అంగుళాల లెక్కన ఒక చోట కూర్చోబెట్టాలి.

ట్రైలర్ మీద కార్పెట్ చుట్టిన రెండు పొడవాటి చెక్కలు, మధ్యలో కీల్ ఆనడానికి ఒక పలక, వెనక రెండు మూలల్లో రెండు గైడ్ పోస్టులు ఉన్నాయి. పోస్టులు పలచటి పైపులు. పాత యజమాని పెట్టించినవి. వాటిని చూసి ధైర్యం తెచ్చుకున్నాం. పడవను అడ్డుకునే బలం వాటికి లేదని అప్పుడు ఆలోచించలేదు. అవి ట్రైలర్ ఎక్కడుందో నీటిపైన చూపించే గుర్తులు మాత్రమే.

ఇంకో మాట. బౌ, స్టెర్న్ అనే వాటికి మన పాత పడవవాళ్ళ మాటలు అణియం, అమరం ఉన్నాయి. ర్యాంప్ దగ్గర అరిచేటప్పుడు మాత్రం మేం ముక్కు, వెనక అనే అంటాం. ఇక్కడా అవే రాస్తాను.

గాలి ఎటు, ర్యాంప్ ఎటు

రే హబ్బర్డ్ లేక్ డాలస్‌కు తూర్పున ఉంటుంది. డాలస్ నగరం నీళ్ళ కోసం కట్టుకున్న రిజర్వాయర్ ఇది. పెద్ద చెట్లు, కొండలు ఏమీ అడ్డం లేవు, అందుకే సెయిలింగ్‌కు ఇష్టపడతారు. ఇక్కడ మామూలుగా వీచేది దక్షిణపు గాలి. మేం వాడిన ర్యాంప్ తూర్పు ఒడ్డున ఉంది, పడమర వైపుకు దిగుతుంది. దక్షిణపు గాలి దానికి సరిగ్గా అడ్డం. పడవ తూర్పు ముఖంగా ట్రైలర్ మీదకు వస్తుంటే గాలి కుడి పక్కన కొడుతుంది, పడవ ఎడమకు, అంటే ఉత్తరానికి కొట్టుకుపోతుంది.

ర్యాంప్‌కు రెండు వరసలున్నాయి. చెక్కల డాక్ (నీళ్ళలోకి వేసిన నడకదారి) దక్షిణపు పక్కన, గాలి వచ్చే వైపే ఉంది. డాక్ పక్క వరసలో ఆ సమయానికి వరసగా బాస్ ఫిషింగ్ బోట్లు ఎక్కుతున్నాయి. రెండో వరస ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంది కదా అని దాన్నే తీసుకున్నాను. ఆ రోజు జరిగిన తప్పుల్లో ఇది మొదటిది, మిగతావన్నీ దీని వెంటే వచ్చాయి. డాక్‌కు దూరమైన వరసలో పడవను తాడుతో పట్టుకోవడానికి మనిషి నిలబడే చోటే లేదు.

ఫోర్‌కాస్ట్ ప్రకారం దక్షిణం నుంచి 18 నుంచి 20 నాట్స్ (గంటకు సుమారు 33 నుంచి 37 కిలోమీటర్లు), విసుర్లు 28 దాకా. రాత్రి ఏడు ప్రాంతంలో కోల్డ్ ఫ్రంట్ (చల్లగాలి ముందంచు) దాటి, గాలి ఉత్తరానికి తిరిగి ఇంకా గట్టిగా కొడుతుందన్నారు. ఇక్కడివాళ్ళు దాన్ని నార్తర్ అంటారు. ఆ ఫ్రంట్ వచ్చేలోపు పడవ బయటికి తీసేయాలన్న తొందరతోనే అందరం వచ్చాం.

మొదటి ప్రయత్నం

నేను మా తమ్ముడు అనే ఆ మిత్రుడు, అతని పద్నాలుగేళ్ళ కొడుకు పడవలో ఉన్నారు. వాళ్ళావిడ డాక్ మీద, నేను ట్రైలర్ దగ్గర. ఇంజన్ 6 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్.

మరీనా (పడవలు నిలిపే చోటు) దగ్గరే కీల్ మొత్తం పైకి ఎత్తేసుకుని బయల్దేరారు. "ముందే ఎత్తేస్తే ర్యాంప్ దగ్గర ఒక పని తగ్గుతుంది కదన్నా" అన్నాడు. వినడానికి సబబుగా ఉంది, నేనూ సరేనన్నాను. ట్రైలర్ ముప్పై అడుగుల దూరంలో ఉండగా వేగం తగ్గించాడు. వేగం తగ్గిన మరుక్షణం చుక్కానికి పట్టు పోయింది, ముక్కు ఎడమకు తిరిగింది. సరిచేయడానికి థ్రాటిల్ ఇచ్చేసరికి పడవ ట్రైలర్‌కు ఉత్తరంగా పన్నెండు అడుగుల అవతల ఉంది. చుట్టు తిప్పుకుని మళ్ళీ వచ్చాడు. ఇందులో నష్టమేమీ జరగలేదు.

రెండో ప్రయత్నం

"ఈసారి కొంచెం స్పీడ్‌గా రా" అని నేనే చెప్పాను. ఫిషింగ్ బోట్లవాళ్ళు అలాగే చేస్తున్నారు కదా. అరనిమిషంలో ట్రైలర్ మీదకు దూసుకొచ్చి ఎక్కేస్తున్నారు. వాళ్ళ పడవలు నీటిపైన అడుగున్నర కూడా లేవవు. ఇంజన్లు 150, 200 హార్స్‌పవర్. మా పడవకు నీటిపైన ఎత్తయిన హల్, దాని మీద క్యాబిన్, ఆపైన పాతికడుగుల మాస్ట్ (తెరచాప స్తంభం). వాళ్ళను చూసి నేర్చుకోవడానికి ఏమీ లేదు.

ముక్కు రెండు పోస్టుల మధ్యకు వచ్చింది. పిల్లవాడు తాడు విసిరాడు, అందుకున్నాను. ముక్కు దగ్గరి ఇనుప కన్నులో ట్రైలర్ ముందున్న వించ్ స్ట్రాప్ కొక్కెం తగిలించాను. అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ నిమిషంలోనే విసురు వచ్చింది. ముక్కు కట్టేసి ఉంది, వెనక ఖాళీ. బందుల మీద తలుపు తిరిగినట్టు పడవ వెనకభాగం మొత్తం ఉత్తరానికి తిరిగి ఎడమ పోస్టు మీద పడింది. పోస్టు మెల్లగా, చప్పుడు లేకుండా వంగిపోయింది.

అక్కడ ఆపి ఉంటే పోస్టు ఒక్కటే పోయేది. కానీ స్ట్రాప్ చేతిలో ఉంది, పడవ చెక్కల మీద సగం ఉంది. బయటికి లాగుతుంటే దానంతటదే మధ్యకు సర్దుకుంటుందని అనుకున్నాను. గాలి లేని రోజుల్లో అలా సర్దుకోవడం చాలాసార్లు చూశాను. వించ్ తిప్పి బిగించి, ట్రక్ ఎక్కి ఏడెనిమిది అడుగులు ముందుకు లాగాను.

డాక్ మీద నుంచి ఆవిడ అరిచింది: "అన్నయ్య గారూ, ఆపండి! మాస్ట్ ఒరుగుతోంది!"

బ్రేక్ వేసి దిగి చూశాను. మాస్ట్ పక్కనే ఉన్న లైట్ స్తంభంతో పోలిస్తే స్పష్టంగా ఉత్తరానికి వాలి ఉంది. పడవ ఒక చెక్క మీద కూర్చుని, రెండో చెక్కకు ఆనకుండా తేలుతోంది. కింద చూడటానికి నీళ్ళు మురికి. చేయి పెట్టి తడిమితే కీల్ అంచు మధ్య పలక మీద లేదు, దాని పక్కన ఆనుకుని ఉంది. ఇంకో ఆరడుగులు లాగి ఉంటే పడవ బరువు సగం ఆ 550 పౌండ్ల ఇనుము మీద పక్క నుంచి పడేది. ఆ ఇనుమును పట్టుకుని ఉన్నది ఒక పిన్ను, ఒక కేబుల్. అవి నిలువు బరువు మోయడానికి పెట్టినవి, పక్క నుంచి పడే అంత బరువు కోసం కాదు.

ట్రక్‌ను నెమ్మదిగా వెనక్కి నడిపి పడవను తేల్చాం. పిల్లవాడు కీల్ వించ్ నాలుగు చుట్లు వదిలి మళ్ళీ ఎత్తి చూశాడు. కేబుల్ మామూలుగానే వచ్చింది. పడవను ఇంజన్‌తో డాక్ దగ్గరకు తెచ్చి కట్టేశారు. ఆ తిరుగు ప్రయాణంలో కీల్ సగం దించి నడిపించాను. అదే గాలి, అదే ఇంజన్, అదే మనిషి. పడవ గీత గీసినట్టు వచ్చింది. మా తమ్ముడు అప్పుడు నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఆగిన నలభై నిమిషాలు

ఫ్లాస్క్‌లో టీ ఉంది. డాక్ మీద కూర్చుని తాగాం. అందరికీ టెన్షన్‌గానే ఉంది. ఆకాశం ఉత్తరాన ఇంకా తేటగానే ఉంది గానీ ఫోన్‌లో రాడార్ మీద గీత కదులుతూ వస్తోంది.

నేను ఒక కాగితం మీద లెక్క వేసి చూపించాను. గాలి పక్క నుంచి తోసే బలం దాని వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఈ పడవ పక్కభాగం, క్యాబిన్, మాస్ట్ కలిపి సుమారు 6 చదరపు మీటర్లు అనుకుంటే, 10 నాట్స్ గాలికి ఆ తోపు 10 కిలోల బరువంత. 20 నాట్స్‌కు 20 కాదు, 40 కిలోలు. 28 నాట్స్ విసురుకు దాదాపు 80. పడవ బరువు టన్ను పైమాటే అయినా నీళ్ళలో తేలుతున్న టన్నును 40 కిలోల తోపు పది సెకన్లలో మీటరు దూరం సులువుగా జరిపేస్తుంది. చేత్తో పట్టుకుని నిలబడితే 80 కిలోల విసురుకు మనిషే జారతాడు, అదీ నాచు పట్టిన ర్యాంప్ మీద. డాక్ మీద ఉన్న క్లీట్‌కు, అంటే తాళ్ళు కట్టే కొమ్ముకు, తాడు ఒక్క చుట్టు చుడితే పద్నాలుగేళ్ళ పిల్లవాడు దాన్ని ఆపగలడు.

ఆవిడ అప్పుడు ఒక మాట అంది: "ముక్కుకేమో తాడూ ఉంది, స్ట్రాపూ ఉంది. వెనక్కి ఏమీ లేదు కదా?"

ఆ రోజు మొత్తానికి ముఖ్యమైన మాట అదే. మా చూపంతా ట్రైలర్ వైపు, ముక్కు వైపు ఉంది. గాలి ఆడుకుంటున్నది వెనకభాగంతో. నాకు చిన్నప్పటి, గోదావరి మీది కోటిపల్లి రేవు గుర్తొచ్చింది. ముక్తేశ్వరం వైపు వెళ్ళే పంటు మీద కార్లు, మోటార్ సైకిళ్ళు ఎక్కించుకుంటారు. గాలి ఉన్న రోజున రెండు కొసలకూ తాళ్ళు పడ్డాకే బండ్లను కదలనిచ్చేవారు. అది చూస్తూ పెరిగి, ఇక్కడ ఒక్క కొస కట్టి పని అయిపోయిందనుకున్నాను.

మరీనా ఆఫీసుకు ఫోన్ చేసి, గట్టు చాటున గెస్ట్ స్లిప్ (బయటి పడవలు కట్టుకునే చోటు) ఒకటి రాత్రికి ఖాళీగా ఉందని తెలుసుకున్నాం. అది చాలా పెద్ద ధైర్యం. ఇంకొక్కసారి ప్రయత్నిద్దాం, 5:45కల్లా పడవ సరిగ్గా కూర్చోకపోతే స్లిప్‌లో రెండు వైపులా తాళ్ళు కట్టి ఇంటికి పోదాం అని ముందే అనుకున్నాం. గడువు నోటితో చెప్పుకోవడం వల్ల తొందర పోయింది. ఇంటికి వెళ్ళిపోవడం కూడా ఒక దారిగా ఎదురుగా ఉంటే చేతులు వణకవు.

ఇంజన్ లేకుండా

ఈలోపు డాక్ పక్క వరస ఖాళీ అయింది. అందులోకి ట్రైలర్ దింపాను. డాక్ అంచు నుంచి ట్రైలర్ నడిమి గీత దాకా తొమ్మిదడుగులు ఉండేలా చూసుకున్నాను. పడవ సగం వెడల్పు నాలుగడుగుల లోపు కాబట్టి డాక్‌కు, పడవకు మధ్య అయిదడుగుల నీళ్ళు మిగులుతాయి.

లోతు విషయంలోనూ ముందు తప్పు చేశాం. మొదటి రెండుసార్లు మడ్‌గార్డులు అడుగుకు పైగా మునిగేలా దింపాను. లోతుగా దింపితే పడవ సులువుగా ఎక్కుతుంది అన్నది గాలి లేని రోజుకు నిజం. గాలిలో అదే లోతు పడవను చెక్కల పైన తేలుతూ ఉండనిస్తుంది, చెక్కలు దాన్ని పట్టుకోవు. ఈసారి మడ్‌గార్డుల పైఅంచు నీటికి నాలుగంగుళాల కింద ఉన్నప్పుడు ఆపాను. వెనకభాగం వాలులో ఉండటంతో కీల్ దూరడానికి లోతు సరిపోయింది, ముందుభాగంలో ముక్కు త్వరగా చెక్కలకు ఆనింది.

తాళ్ళు రెండు. రెండూ అరంగుళం నైలాన్, ఒక్కోటి పాతిక అడుగులు. ఒకటి ముక్కు క్లీట్ నుంచి డాక్ మీదకు, పిల్లవాడి చేతికి. రెండోది వెనక కుడి క్లీట్ నుంచి డాక్ చివర ఉన్న క్లీట్‌కు ఒక చుట్టు తిప్పి, కొస మా తమ్ముడి చేతికి. గాలి పడవను డాక్ నుంచి దూరంగా లాగుతోంది కాబట్టి రెండు తాళ్ళూ బిగుతుగా నిలబడ్డాయి. రెండుసార్లు మమ్మల్ని ఇబ్బంది పెట్టిన గాలి ఇప్పుడు తాళ్ళను బిగించి పట్టుకునే మనిషిలా పనిచేసింది. తాడు వదిలినంత మేర పడవ ఉత్తరానికి జరుగుతుంది, ఆపితే ఆగుతుంది. పక్కకు ఎంత ఉండాలో తాడు పొడవే తేలుస్తుంది.

ఇంజన్ ఆపించి పైకి ఎత్తించాను. మా తమ్ముడు ఒప్పుకోలేదు మొదట. "అన్నా, ఇంజన్ ఆపేస్తే కంట్రోల్ పోదా?" అన్నాడు. తాళ్ళు రెండూ కట్టాక ఇంజన్‌తో పనిలేదు. పైగా నీళ్ళలో తాళ్ళు, మోకాలి లోతులో నేను, అక్కడ ప్రొపెల్లర్ తిరగడం మంచిది కాదు. చుక్కాని కూడా తీసి క్యాబిన్‌లో పెట్టించాను. కీల్ మాత్రం రెండు తాళ్ళూ పడి, అందరూ "రెడీ" అన్నాకే పైకి ఎత్తారు.

తర్వాత పని నీళ్ళను చూడటం. విసురు రాబోయే ముందు నీటి మీద నల్లటి మరక లాంటిది దక్షిణం నుంచి పాకుతూ వస్తుంది. అది మనల్ని చేరడానికి పది, పదిహేను సెకన్లు పడుతుంది. ఆవిడను డాక్ చివర నిలబెట్టి ఆ ఒక్క పనే అప్పజెప్పాను. మరక కనిపిస్తే "వస్తోంది" అనాలి, దాటిపోతే "పోయింది" అనాలి. "వస్తోంది" అంటే ఎవరూ ఏదీ లాగకూడదు, పట్టుకుని ఉండాలి అంతే. "పోయింది" అన్న తర్వాత దొరికే తెరపిలో నేను వించ్ తిప్పుతాను, తండ్రీకొడుకులు తాళ్ళను అదే కొలతలో ముందుకు నడిపిస్తారు.

ఏడు తెరపులు పట్టింది. మొదటి రెండింటిలో ముక్కు పోస్టుల మధ్యకు వచ్చింది. మూడో తెరపిలో కొక్కెం తగిలించాను. అక్కడి నుంచి నాలుగు. మధ్యలో ఒక పెద్ద విసురుకు వెనక తాడు క్లీట్ మీద కిర్రుమని అరిచింది, పడవ మాత్రం చేయంత కూడా కదల్లేదు. మా తమ్ముడు ఆ తాడు కొసను పట్టుకున్న తీరు చూశాను. రెండు వేళ్ళ మధ్య, గాలిపటం దారం పట్టుకున్నంత తేలిగ్గా. బలమంతా క్లీట్ చుట్టులో ఉంది.

ముక్కు ట్రైలర్ ముందున్న స్టాప్‌కు (పడవను ఆపే దిమ్మకు) తగిలాక వెనక తాడు విప్పలేదు. ట్రక్‌ను రెండడుగులు మాత్రమే లాగి ఆపాను. పిల్లవాడిని లైట్ స్తంభంతో మాస్ట్‌ను పోల్చి చూడమన్నాను. "స్ట్రెయిట్‌గా ఉంది అంకుల్" అన్నాడు. పడవ చెక్కల మీద కూర్చున్నాక చేయాల్సిన పరీక్ష ఇంకొకటి ఉంది, ఇది ప్రతి స్వింగ్ కీల్ యజమానికీ తెలియాలి. కీల్ వించ్‌ను పావు చుట్టు వదలాలి. కీల్ పలక మీద ఆని ఉంటే కేబుల్ వెంటనే వదులవుతుంది. బిగుతు అలాగే ఉంటే కీల్ ఇంకా గాల్లో వేలాడుతోందని, పలక మీద లేదని అర్థం. మాది వదులైంది. రెండో ప్రయత్నంలో ఇలా రెండడుగుల దగ్గర ఆగి ఉంటే ఈ పరీక్షే అంతా చెప్పేది. అప్పుడే వెనక తాడు విప్పించాను.

పైకి లాగాక ముక్కుకు, స్టాప్‌కు మధ్య అయిదంగుళాల సందు కనిపించింది. ఇది గాలి వల్ల వచ్చింది కాదు. నీళ్ళలో పడవ సమంగా తేలుతుంది, ట్రైలర్ వాలుగా ఉంటుంది. బయటికి వచ్చి ట్రైలర్ మీద వాలేసరికి ముక్కు కిందికి, కొద్దిగా వెనక్కి దిగుతుంది. బండి కదిలించి గట్టిగా బ్రేక్ వేసి పడవను ముందుకు జార్చేవాళ్ళను చూశాను. అది వించ్ స్తంభానికి, ముక్కుకు రెంటికీ చెడు. మళ్ళీ నీళ్ళలోకి, వెనకభాగం మాత్రం తేలేంత దింపి, ఒక తెరపి చూసుకుని వించ్ బిగించాం. సందు అంగుళానికి వచ్చింది. సమయం 5:40.

మాస్ట్ దించడం

చాలామంది ర్యాంప్ దాటగానే ప్రమాదం అయిపోయిందనుకుంటారు. నాకు మాత్రం గాలిలో ఎక్కువ భయం మాస్ట్ గురించే. ఈ పడవలో మాస్ట్ వెనక్కి వాలుతుంది. సగం దారిలో దాన్ని పక్కల నుంచి పట్టి ఉంచే తీగలు వదులవుతాయి, అప్పుడు అడ్డగాలి తగిలితే మాస్ట్ పక్కకు తిరిగి అడుగు దగ్గరి మడతబందును విరిచేస్తుంది. అందుకే పార్కింగ్‌లో ట్రక్‌ను తిప్పి పడవ ముక్కు గాలికి ఎదురుగా పెట్టాను. తలెత్తి పైన కరెంటు తీగలు లేవని ముందు చూశాను, తర్వాత పిల్లవాడితో కూడా చూపించి పైకే చెప్పించాను. మాస్ట్ పెద్ద లోహపు కడ్డీ. తీగ తగిలితే రెండో అవకాశం ఉండదు.

మాస్ట్‌ను ముందు నుంచి పట్టే తీగ స్థానంలో మెయిన్‌షీట్ (పెద్ద తెరచాపను అదుపు చేసే తాడు) కప్పీలు తగిలించి, దాని తాడును ఆవిడ నెమ్మదిగా వదులుతుంటే తండ్రీకొడుకులు కింద భుజాల మీద అందుకున్నారు. గాలి ముందు నుంచి రావడంతో మాస్ట్ పక్కకు ఊగలేదు. పది నిమిషాల్లో కట్లు కట్టేశాం.

స్ట్రాప్‌లు బిగించేసరికి 6:30 అయింది. ఇంకో పావుగంటకు గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. జెండాలు కిందికి వేలాడాయి. అయిదారు నిమిషాలు అలా ఉండి, ఉత్తరం నుంచి చల్లగాలి మీద పడింది. ర్యాంప్‌కు అదీ అడ్డమే, ఈసారి రెండో వైపు నుంచి. అప్పటికి పడవ కొక్కేలన్నీ వేసుకుని ట్రక్ వెనక ఉంది.

తర్వాత చూసుకున్నవి, మార్చుకున్నవి

మర్నాడు వాళ్ళ ఇంటి ముందు పడవ కింద పడుకుని కీల్‌ను రెండు చేతులతో పక్కలకు ఊపి చూశాను. పిన్ను దగ్గర కొత్తగా వచ్చిన వదులు లేదు. కేబుల్ పోగు పోగూ వేలితో తడిమి చూశాం, తెగిన తీగ ఒక్కటీ లేదు. హల్ ఎడమ పక్కన, నీటి గీతకు కాస్త పైన అరచేతి పొడవు గీత పడింది. జెల్‌కోట్ (పైపూత) వరకే. ఎడమ పోస్టు పోయింది. దాని స్థానంలో రెండు వైపులా మందపాటి గాల్వనైజ్డ్ పైపులు పెట్టాం, కంటి ఎత్తుకు వచ్చేలా, మీద రంగు టేపు చుట్టి. ఆ టేపు మీద నీటిమట్టం ఎంత దాకా రావాలో గీత కూడా పెట్టాడు మా తమ్ముడు. గాలి లేని రోజుకు ఒక గీత, గాలి రోజుకు దానికి కిందగా ఇంకొకటి.

పాతిక అడుగుల తాళ్ళు రెండు ఇప్పుడు వేరే సంచిలో ఉంటాయి, వేరే పనికి వాడరు. ర్యాంప్ దగ్గరకు వస్తున్నప్పుడు కీల్ సగం కిందికే ఉంటుంది. డాక్ పక్క వరస ఖాళీ అయ్యేదాకా వాళ్ళు లేక్‌లోనే తిరుగుతూ ఆగుతారు. మొన్న ఏప్రిల్‌లో 18 నాట్స్ గాలిలో, నేను లేకుండానే, వాళ్ళు ముగ్గురే పడవను ఎక్కించారు. 22 నిమిషాలు పట్టిందని మెసేజ్ పెట్టారు. కింద ఒక ఫొటో ఉంది. పిల్లవాడు డాక్ చివర నిలబడి ఉన్నాడు. వెనక తాడు క్లీట్ చుట్టూ ఒక చుట్టు తిరిగి ఉంది, కొస వాడి రెండు వేళ్ళ మధ్య ఉంది.